బావగారు వదిలేసిన శీర్షిక

అరవైల్లో, నేను అనకాపల్లికి కాపురానికి వచ్చిన కొత్తలో మా ఇంటికి పంపు స్టవ్వు వచ్చింది. మా బావగారు ఎస్సెల్సీ పాసయ్యారు. అందుకని ఏ కాగితమైనా ఆయన పురాణంలా పైకి చదవాలి, మేం విని ఆచరించాలి.

స్టవ్వుతో వచ్చిన కాగితంలో ఎడమవైపు ‘చేయవలసినవి’, కుడివైపు ‘చేయకూడనివి’ అని పెద్దక్షరాల్లో ఉంది. శీర్షికలు చదవడం బావగారికి నామోషీ. ఎడమవైపు చివర ‘పంపుతో గాలి కొట్టుట’ దాకా ఆయన చదివారు, నేను చేశాను, స్టవ్వు చక్కగా వెలిగింది. ఆయన ఆగకుండా కుడివైపుకి దిగారు.

“మండుచుండగా మూత తీసి కిరసనాయిలు పోయుట.”

“మండుతుంటేనా బావగారూ?” అన్నాను.

“సదివింది నువ్వా, నేనా?” అంటూ డబ్బా లాక్కుని ఆయనే మూత తీసి పోశారు.

మంట దూలందాకా లేచింది. మా అత్తగారు తడిగోనె కప్పబట్టి ఇల్లు మిగిలింది. బావగారి మీసం మిగల్లేదు.

“పైన పెద్దచ్చరాలున్నాయి, సూడలేదేట్రా?” అంది అత్తగారు.

“అవి అందానికేసుంటారనుకున్నానమ్మా,” అన్నారాయన, పైపెదవి తడుముకుంటూ.

మీసం మళ్ళీ మొలిచింది. శీర్షిక చదివే అలవాటు మాత్రం ఇన్నేళ్లయినా మొలవలేదు.