మంచి క్రిములను చంపిన మేస్త్రీ

ఆ అంటువ్యాధుల ఆసుపత్రిలో పారిశుధ్య మేస్త్రీని వెనకాల అందరూ బ్లీచింగ్ మామ అనేవారు. క్రిమి అన్న మాట చెవిన పడితే ఆయనకు పూనకం వచ్చేది. కలరా వార్డు విరేచనాల బక్కెట్లలో క్లోరిన్ మందు ఒక పాలు పోయమంటే మూడు పాళ్లు పోసేవాడు. ఇంట్లో కూరలో ఉప్పు రవ్వంత ఎక్కువైతే మాత్రం భార్యకు మితం గురించి ఉపన్యాసమిచ్చేవాడు.

క్రిములు చచ్చాక ఆ క్లోరిన్ ఘాటు విరచడానికి థయోసల్ఫేట్ అనే పలుకుల మందుండేది. అది కలిపి, పరీక్ష పట్టీ ముంచి, రంగు మారకపోతేనే ఆ నీళ్లను మురుగుశుద్ధి తొట్టెలోకి వదలాలి. మామ ఆ మందు బస్తాలను పూర్తిగా వాడుకునేవాడు, కూర్చోడానికి.

"తొట్టెలో మురుగును తినే క్రిములుంటాయండీ. మీ క్లోరిన్ వాటినీ చంపేస్తుంది" అంది తొట్టె చూసుకునే ఇంజనీరమ్మ.

"క్రిముల్లో మంచివేంటమ్మా, దొంగల్లో దొరలా?" అన్నాడాయన.

వానలకు కలరా ముదిరింది. వార్డులు నిండాయి. మామ చేతికి ఎముక లేకుండా పోయింది. తొట్టెలో గోధుమరంగు నురగ బూడిదరంగుకు తిరిగి, కంపు మొదలైంది. పెద్ద డాక్టరుగారు కమిటీ వేశారు. కమిటీ ముక్కులు మూసుకుని వచ్చి, కంపు ఉన్నట్టు నిర్ధారించింది.

మామ క్వార్టరు తొట్టె పక్కనే. చుట్టపుచూపుగా వచ్చిన బావమరిది ఆ పూటే సంచి సర్దుకున్నాడు.

"మా అన్నయ్య అన్నం ముందు నుంచి లేచిపోయాడు" అంది భార్య.

"ఇన్నేళ్లకు ఆ ముచ్చటా తీరింది" అన్నాడు కానీ, ఆయనా ముద్ద మింగలేకపోయాడు.

ఇంజనీరమ్మ వేరే ఊరి తొట్టె నుంచి క్రిములు బతికున్న బురద ట్యాంకరులో తెప్పించింది. "ఇవి కోలుకునేదాకా పూచీ మీదే" అంది. క్రిములను చంపడమే వృత్తిగా బతికినవాడు బాలింతకు కాపలా ఉన్నట్టు తొట్టె గట్టున కూర్చున్నాడు. వచ్చిన ప్రతి బక్కెట్టుకూ పలుకుల మందు కలిపి, పట్టీ తెల్లగా ఉంటేనే వదిలేవాడు. "ఏమైనా తింటున్నాయామ్మా?" అని పూటపూటకూ అడిగేవాడు.

ఒకనాడు ఆమె సూక్ష్మదర్శిని కింద చూపించింది. సన్నటి కాడల మీద గంటల్లాంటివి ముడుచుకుంటూ, విచ్చుకుంటూ కనిపించాయి.

"బతికాయండీ" అంది.

మామ చాలాసేపు తలెత్తలేదు. ఎత్తాక కళ్లు తుడుచుకుంటూ, "ఈ గదిలో క్లోరిన్ ఘాటు ఎక్కువగా ఉంది" అన్నాడు. ఆ గదిలో క్లోరిన్ చుక్క లేదు. ఆమె అవునన్నట్టు తలూపి కిటికీ తెరిచింది.

తొట్టె తేరుకుంది. బక్కెట్లు మోసుకొచ్చే ఆయాలకే తిప్పలు మొదలయ్యాయి. పట్టీ పరీక్ష కాకుండా ఒక్క బక్కెట్టు దాటనివ్వడు. తొందరపడితే, "అవతల పిల్లలున్నారు" అని కసురుతాడు.