ఆ పొగ బొరుగుల బట్టీది కాదు

ఏళ్ళ తరబడి ఒక పొగను మోస్తున్నాను. గుండెల్లో అనుకోండి, గొంతులో అనుకోండి. నన్ను తిట్టుకుంటే తిట్టుకోండి. జాలి మాత్రం పడొద్దు, నాకు ఒళ్ళు మండుతుంది.

మదనపల్లెలో నాది పాత సామాన్ల కొట్టు. కరెంటు వైర్లు తగలబెడితే పైన ప్లాస్టిక్కు కాలిపోయి లోపలి రాగి మిగులుతుంది. చాకుతో ఒలిస్తే రోజంతా పడుతుంది. అందుకే తెల్లవారుజామున, వీధి లేవకముందే, కొట్టు వెనక తగలబెట్టేవాణ్ణి. పక్కనే మరమరాలు వేయించే మునెమ్మ బొరుగుల బట్టీ. ఆమె ఊక పొయ్యి కూడా ఆ వేళకే అంటుకునేది. ఎండాకాలం గాలికి రెండు పొగలూ ఎటో కొట్టుకుపోయేవి, ఎవరూ పట్టించుకోలేదు. చలికాలం మాత్రం మంచు కింద పొగ కదలదు. ఇళ్ళలోకొచ్చి కూర్చుంటుంది.

అట్లాంటి ఒక చలికాలం ఎదురింటి ఆటో డ్రైవరు పాపకు ఊపిరాడక ఆసుపత్రిలో పెట్టారు. ఎట్లాగో బతికింది. పొగ ఎవరిదని వీధి వీధంతా బయటికొచ్చింది. అందరికంటే ముందు లేచిన నోరు నాదే. "ఇంకెవురిది? ఆ బట్టీదే!"

మునెమ్మ జల్లెడ చేతిలో పట్టుకునే నా ముందుకొచ్చింది.

"ఏమప్పా, నా బట్టీ ఏడాది పొడుగూతా మండుతాండాది. ఇప్పుడే యాల దగ్గొచ్చె?"

"సలికి పొగ పైకి పోదమ్మా. అదిగూడా తెలీదా నీకు?"

"ఈ కంపు బొరుగులదా? సిన్నప్పట్నించీ నా కాడ తిన్నోడివి, నువ్వు సెప్పప్పా."

మళ్ళీ చలి మాటే ఎత్తాను. చలి సంగతి నిజమే కదా! ఆ ఒక్క నిజాన్ని అడ్డం పెట్టుకుని ఇన్నేళ్ళూ నన్ను నేను వెనకేసుకొచ్చాను.

వీధివాళ్ళు బట్టీ మూయించారు. మునెమ్మ ఊరొదిలి పోయింది. మరి వచ్చే చలికాలం? పొగ ఆగకపోతే నా బండారం బయటపడుతుందే! వైర్లన్నీ పుంగనూరు అవతల ఒక బీడుకు తోలించి అక్కడ కాల్చడం మొదలుపెట్టాను. మా వీధిలో గాలి బాగుపడింది. "సూస్తివా, బట్టీ పోయినాక ఎంత హాయిగా ఉండాదో" అన్నారు. నేనూ తలూపాను. మొదటి రోజు భయంతో అన్నాననుకుందాం. ఇది కూడా భయమేనా? కాదు. తీరిగ్గా ఆలోచించుకుని, చేయని నేరాన్ని ఆమె మీద రుజువు చేశాను. ఆ బీడు పక్కన ఎవరు దగ్గారో నేను అడగనైనా లేదు.

మొహం చిట్లించకండి. మీ ఇంటి పాత వైర్లు కొన్నదీ నాలాంటివాడే. అవి ఏమవుతాయని ఒక్కరైనా అడిగారా?

మొన్న చలికాలం కుప్పం బస్టాండులో మునెమ్మ కనిపించింది. వేరే ఎవరి బట్టీలోవో బొరుగులు గంపలో పెట్టుకుని అమ్ముతోంది. దగ్గరికి వెళ్ళాను. నన్ను గుర్తుపట్టి, గంప మీద గుడ్డ కప్పేసి పక్కకు తిరిగి కూర్చుంది. అప్పుడు కూడా నాకు కోపమే వచ్చింది. సిగ్గు బస్సెక్కాక వచ్చింది.

ఇప్పటికీ మా వీధిలో ఆ బట్టీని తిడతారు. నేను తలూపుతాను. రేపు కూడా ఊపుతానేమో, నన్ను నమ్మకండి. ఆ పొగ నాది. పాప ఊపిరి పట్టేసింది నా నిప్పు, మునెమ్మది కాదు. చెప్పాక నాకు ఊపిరాడుతోంది. దాని మీద కూడా నాకు కోపంగానే ఉంది.