హీరో బతకకూడదట

బస్సులో పక్క సీటు అమ్మాయి ఫోన్‌లోంచి ప్రేమకథ వినిపిస్తోంది. హీరోకి హెచ్.ఐ.వి. అని తేలింది, వయొలిన్ ఏడ్చింది, అతను చచ్చిపోయాడు. నాకు ఒళ్లు మండింది. మార్తమ్మ ఆంటీ వినివుంటే ఆ వయొలిన్ విరగ్గొట్టేవారు.

కెనడాలోని సస్కటూన్‌లో చదువుకునేటప్పుడు ఆంటీ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుండేదాన్ని. ఆవిడ కాకినాడ మనిషి, నర్సు. తీరిక దొరికితే ఒక తెలుగు కథల యాప్‌కి ప్రేమ సీరియళ్లు రాసేవారు. మాది తెనాలి బజారులో కిరాణా కొట్టు. కొసరు లేకుండా కరివేపాకు కూడా కొనని వంశం. అందుకని యాప్ వాళ్లతో బేరాలు నాకు అప్పగించారు. ఆ పదవికి నేను విజిటింగ్ కార్డు వేయించుకోవడం ఒక్కటే తక్కువ.

ఆవిడ రాసిన ఒక సీరియల్లో హీరోకి హెచ్.ఐ.వి. రోజూ మాత్ర వేసుకుంటాడు. వైరస్ పరీక్షకి దొరకనంత తగ్గిపోతుంది, భార్యకి అంటదు, ఇద్దరూ హాయిగా కాపురం చేస్తారు. చివరి భాగం చదివిన యాప్ ఎడిటర్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లో పెట్టాం.

"హీరోని చంపేయండి మేడమ్. లేదా రక్తం ఎక్కించినప్పుడు వచ్చిందని రాయండి. పాఠకులు క్షమిస్తారు."

"క్షమించడానికి వాడేం నేరం చేశాడయ్యా? పెళ్లికి ముందు ఒకమ్మాయిని ప్రేమించాడు. మీ మిగతా హీరోలు చేసేదీ అదేగా!" అన్నారు ఆంటీ.

నాలోని కొట్టు నిద్ర లేచింది. "సార్, ఎలా వచ్చిందో మేం చెప్పం. చావు సంగతి మీరు వదిలేయండి. చెరో మెట్టు దిగుదాం."

ఆంటీ నన్ను గుర్రుగా చూశారు. "ఏమే, మనిషిక్కూడా బేరమాడతావా?"

"బతికితే ఎవరూ నమ్మరు మేడమ్," అన్నాడు ఎడిటర్.

వంటింట్లో ఉప్మా కలుపుతున్న ఆంటీ భర్త జాన్ అంకుల్ గరిటెతోనే వచ్చి ఫోన్ మీదికి వంగారు. "బాబూ, హీరోని మాట్లాడుతున్నాను. మాత్రలు వేసుకుంటూ బానే ఉన్నాను. ఉప్పెక్కువైందని ఈవిడ చంపితే తప్ప పోయేలా లేను."

అవతల ఫోన్ కట్ అయింది. ఆయన సంగతి నాకూ అప్పుడే తెలిసింది.

సీరియల్ ఆగిపోయింది. అంకులే పట్టుబట్టడంతో, ఆంటీ ఆ చివరి భాగాన్ని చర్చి స్త్రీల కూడికలో చదివి, హీరో మా ఆయనే అని చెప్పారు. తలా ఒక వంటకం తెచ్చిన భోజనాల దగ్గర అందరి గిన్నెలూ ఖాళీ అయ్యాయి. ఆవిడ పులిహోర మూత ఎవరూ తీయలేదు. వాళ్లలో నర్సులూ ఉన్నారు! వైరస్ పులిహోరలోంచి రాదని తెలిసినవాళ్లే. కానీ కన్నీళ్లు పెట్టుకుని చదివిన ప్రతి కథలోనూ అలాంటివాణ్ని దూరంగా పెట్టడమే చూశారు మరి.

నేను ప్లేటు నిండా పెట్టుకుని, వాళ్ల మధ్యే కూర్చుని తిన్నాను.

"మెల్లగా తినవే, పొలమారుతుంది," అన్నారు ఆంటీ.

పోయినేడు ఆంటీ గుండెపోటుతో పోయారు. హీరో ఉన్నారు. ఆ సీరియల్ పట్టుకుని నేను ఇంకా యాప్‌ల వెంట తిరుగుతున్నాను. అందరిదీ ఒకటే మాట: చివర్లో చంపండి. పారితోషికం తగ్గించమంటే తగ్గిస్తాను, పేరు మార్చమంటే మారుస్తాను. వాడు మాత్రం బతుకుతాడు.