మనసు మాస్టారి ఏడో మనిషి

ఎదుటి మనిషికి మనసు ఉందని రుజువు చేయడం అసాధ్యమని మా మనసు మాస్టారు తన మొదటి పుస్తకంలో నాలుగు వందల పేజీల్లో వాదించారు. ఆ పుస్తకాన్ని "నేను నోరు తెరవకముందే నా మనసు తెలుసుకునే నా భార్యకు" అంకితమిచ్చారు. ఈ రెండూ ఒకదానికొకటి పొసగవని ఏ పండితుడూ ఎత్తి చూపలేదు. పండితులు అంకితాలు చదవరు. టైపు చేసిన నేను చదివాను గాని, నన్నెవరూ అడగలేదు.

మనసంటే ఏమిటి, మెదడుకీ దానికీ ఉన్న చుట్టరికం ఏమిటి అన్నది ఆయన పట్టుకున్న విషయం. తత్వశాస్త్రం వాళ్లు "ఆయన దీపాలూ మీటలూ పెట్టుకుని కూర్చుంటాడు, మనవాడు కాదు" అనేవారు. సైకాలజీ వాళ్లు "ఆయన ప్రతి మాటకీ అర్థం ఏమిటని అడుగుతాడు, మనవాడు కాదు" అనేవారు. అందుకని రెండు విభాగాలకూ మధ్య, మెట్ల మలుపులో, పాత మ్యాపులు పడేసే గది ఆయనకిచ్చారు. దాని పైకప్పు ఒకవైపు వాలి ఉండేది. మాస్టారు పొడగరి, గుమ్మం వైపు వచ్చినప్పుడల్లా తల వంచేవారు. వచ్చినవాళ్లు తమకే నమస్కారం పెడుతున్నారనుకుని తిరిగి పెట్టేవారు. అలా ఆయనకు వినయవంతుడన్న పేరు వచ్చింది. పైకప్పు సంగతి అలా ఉంచితే, నేను జ్వరంతో వచ్చిన రోజున తన రాతప్రతి తానే టైపు చేసుకుని, "ఇవాళ పనేమీ లేదమ్మా" అని అబద్ధమాడిన మనిషి ఆయన.

ఆయనకు పేరు తెచ్చింది ఒక్క ప్రయోగం. నల్ల పెట్టెలో చిన్న దీపం ఉంటుంది. దాని ముందు ఒకరు కూర్చుంటారు. మాస్టారు వాళ్ల వీపు వెనక కూర్చుని మీట తిప్పుతారు. ఒకసారి దీపం వెలుగుతుంది, ఒకసారి వెలగదు. వెలిగిందనిపిస్తే గంట కొట్టాలి. వెలుగును రోజురోజుకీ తగ్గించుకుంటూ పోతారు. కంటికి ఆనని వెలుగు మనసుకు తెలుస్తుందా లేదా అన్నది ప్రశ్న.

దీనికి ఒకే మనిషి నెలల తరబడి రావాలి. హాజరు కోసం ఆరుగురు విద్యార్థులు వచ్చారు. రెండో వారంలో ఒకడు పెట్టె ముందే నిద్రపోయాడు. మిగిలినవాళ్లు అంత దూరం వచ్చే శ్రమ కూడా పడకుండా ఇళ్ల దగ్గరే నిద్రపోయారు. మాస్టారు ఖాళీ కుర్చీ వెనక బిక్కమొహం వేసుకుని కూర్చుని ఉంటే, వరండాలు తుడిచే పెద్దమ్మ చూసింది. చీపురు గోడకు ఆనించి "నేను కూర్చుంటాను లెండి బాబూ" అంది. రెండేళ్లు కూర్చుంది. వ్యాసంలో ఆమె పేరు "ఏడో వ్యక్తి".

వెలుగు ఎంత తగ్గించినా ఏడో వ్యక్తి నూటికి తొంభైసార్లు సరిగ్గా గంట కొట్టేది. దేశదేశాల వాళ్లు ఆ వ్యాసాన్ని ఉదహరించారు. ఒకాయన ఏడో వ్యక్తి మెదడు మీద పుస్తకం రాశాడు. ఇంకొకాయన దాన్ని ఖండిస్తూ అంతకంటే లావుపాటిది రాశాడు. వాళ్లలా కలబడుతున్న రోజుల్లో ఆ మెదడు మా మెట్లు కడుగుతూ, "తడిగా ఉంది, చూసి నడవండి" అని వచ్చేపోయేవాళ్లకు చెబుతూ ఉండేది.

ఇంత పేరొచ్చినా ప్రొఫెసర్ పదవి మాత్రం మూడుసార్లు గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. ఆరు నెలల్లో రిటైర్మెంట్, ఇదే ఆఖరి అవకాశం. గురువారం కమిటీ వస్తుంది, ప్రయోగాన్ని కళ్లారా చూస్తుంది. పదవి మీద ఆశ తన భార్యదేనని మాస్టారు అనేవారు. నేమ్‌ప్లేటు మీద అక్షరాలు ఎంత పెద్దవి ఉండాలో ఆయన కాగితం మీద గీసుకుంటుంటే నేను చూశాను.

పెద్దవాళ్లు వస్తున్నారని గదికి సున్నం వేయించారు. పెట్టె వెనక, కుర్చీకి ఎదురు గోడకు ఉండే అద్దాల బీరువాను వరండాలోకి జరిపారు. మంగళవారం మాస్టారు ఒకసారి సరిచూసుకుందామని పెద్దమ్మను కూర్చోబెట్టారు. యాభైసార్లలో ఇరవై నాలుగుసార్లు సరిపోయింది. నాణెం ఎగరేసినా అంతే వస్తుంది.

"ఒంట్లో బాగాలేదా పెద్దమ్మా?" అన్నారు మాస్టారు.

"బాగానే ఉంది బాబూ. మీరు కనబడటం లేదు, అంతే."

"నేను కనబడటం ఏంటి? నువ్వు చూడాల్సింది దీపాన్ని."

"అంత సన్నగా పెడితే దీపం ఎవరికి కనబడుతుంది? బీరువా అద్దంలో మీరు కనబడేవారు. దీపం పెట్టినప్పుడల్లా ఊపిరి బిగబట్టేవారు. నేను కొడితే వదిలేవారు. కొట్టకపోతే మీ మొహం చూడలేం. పాపం, ఇంత చదువుకున్నాయన నా గంట కోసం ఊపిరాడక కూర్చున్నాడే అనిపించి కొట్టేసేదాన్ని."

మాస్టారు మీట మీంచి చెయ్యి తీసేశారు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగలేదుగా. కొట్టమన్నారు, కొట్టాను."

నిజమే. గది వేడి ఎంత, ఆమె ఎన్ని గంటలు నిద్రపోయింది, అన్నీ రోజూ రాసుకున్నారు. ఏం చూసి కొట్టావని మాత్రం రెండేళ్లలో ఒక్కసారి అడగలేదు. మనుషులు తమ మనసు గురించి తాము చెప్పే మాటలు సాక్ష్యానికి పనికిరావని ఆయన రెండో పుస్తకం.

"దీనికి ఇంత దిగులెందుకు బాబూ? బీరువా లోపలికి జరిపేద్దాం. నేనెవరికీ చెప్పను. టైపమ్మా చెప్పదు. ఏమ్మా?"

నేను తలూపాను. దేవుడు క్షమించాలి, ఊపాను.

బుధవారం బీరువా యథాస్థానానికి వచ్చింది. ఒక చివర మాస్టారు, ఇంకో చివర పెద్దమ్మ పట్టారు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

గురువారం డీన్ వచ్చారు. ఆయనకు కుడివైపు తత్వశాస్త్రం పెద్ద, ఎడమవైపు సైకాలజీ పెద్ద. పెద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని పెట్టె ముందు కూర్చుంది. మాస్టారు మీట తిప్పారు. ఆమె చెయ్యి గంట మీదికి వెళ్లింది.

"ఒక్క నిమిషం" అని మాస్టారు లేచారు. కోటు విప్పి బీరువా అద్దానికి అడ్డంగా తగిలించారు. "ఇప్పుడు చూడండి" అన్నారు.

ఇరవైసార్లలో తొమ్మిది సరిపోయాయి. అప్పుడు ఆయన జరిగిందంతా చెప్పారు, బీరువాను మళ్లీ లోపలికి జరిపిన సంగతితో సహా.

"తప్పు ప్రయోగానిది. అది సైకాలజీ వాళ్లు తేల్చాలి" అన్నాడు తత్వశాస్త్రం పెద్ద.

"ఒప్పుకోవడం నీతికి సంబంధించింది. అది మీ శాఖ" అన్నాడు సైకాలజీ పెద్ద.

"చర్చ చాలా ఉన్నతంగా ఉంది" అన్నారు డీన్, గడియారం చూసుకుంటూ.

పదవి ఇవ్వడం వీలుపడదన్న దగ్గర మాత్రం ముగ్గురూ క్షణంలో ఏకమయ్యారు. రెండు విభాగాలూ ఒక మాట మీదికి రావడం ఆ భవనంలో అదే మొదటిసారి. వెళ్తూ వెళ్తూ సైకాలజీ పెద్ద ఆగి, బీరువా ఏ మూలకు తిరిగి ఉందో శ్రద్ధగా చూశాడు. మర్నాడు వాళ్ల వరండాలో అద్దాల బీరువాలు మూడు బయటికొచ్చి నిలబడ్డాయి.

గురువారం మధ్యాహ్నమే మాస్టారు తన వ్యాసం వేసిన పత్రికకు ఉత్తరం చెప్పారు, నేను టైపు చేశాను. ఏడో వ్యక్తి దీపాన్ని చూడలేదనీ, ప్రయోగం చేసినవాడి మొహం చూసిందనీ, వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నాననీ. పెద్దమ్మ టీ తెచ్చి పక్కనే నిలబడింది.

"నా తప్పని రాశారా బాబూ?"

"లేదు. నా మీద జాలిపడి కొట్టావని రాయించాను."

"అయ్యో, అది తీసేయండి. నలుగురూ చదివితే మీకు చిన్నతనం."

మాస్టారు టీ తాగుతూ ఆలోచించారు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆలోచించారు. జాలి అన్న మాటను శాస్త్రీయంగా నిర్వచించాలంటారేమో అని నాకు భయం వేసింది, అలా అయితే ఇంకో నాలుగు వందల పేజీలు.

"ఉండనీ అమ్మా. ఈ ఉత్తరం మొత్తంలో నాకు కచ్చితంగా తెలిసింది అదొక్కటే" అని, సంతకం పెట్టి, కవరు అంటించడానికి పెద్దమ్మ చేతికి ఇచ్చారు.