చప్పుళ్ల గడిలో సున్నా

ఆఫీసులో ఆయన్ని అందరూ మార్కుల మాస్టారు అనేవారు. బడిలో పాఠం చెప్పిన మనిషి కాదు. కొండలకూ లోయలకూ మార్కులు వేసేవారు. జనం నాలుగు రోజులు సేద తీరడానికి ఏ చోటు పనికొస్తుందో పర్యాటక శాఖకు చెప్పడం ఆయన ఉద్యోగం. నడక, నీడ, నీళ్లు, కనుచూపు, చప్పుళ్లు, గడికి పది మార్కులు. మొత్తం ముప్పై దాటితే కాలిబాట వేసి ఆ చోటును కాపాడతారు. దాటకపోతే ఎవరడిగితే వాళ్లకు ఇచ్చేస్తారు.

"అందులో సగం మార్కులు నా వంటకు వేయకూడదూ?" అని భార్య దెప్పుతుండేది.

చప్పుళ్ల దగ్గర ఆయనకు పట్టింపు ఎక్కువ. పావుగంట కళ్లు మూసుకుని నిలబడి, పిట్టల కూతలు విన్నాకే కలం తీసేవారు. ఆఖరి రెండేళ్లలో మాత్రం ఆ గడిలో ఎక్కడికి వెళ్లినా సున్నాలే పడ్డాయి. పిట్టలు వెళ్లిపోతున్నాయని నివేదికల్లో వాపోయారు కూడా. చక్కటి వాగున్న లోయ ఒకటి ఇరవై ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

రిటైరవబోయే నెలలో ఒక కొండకు భార్యను వెంట తీసుకెళ్లారు. ఆయన సున్నా వేస్తుంటే ఆమె నవ్వింది.

"ఇన్ని పిట్టలు చెవులు హోరెత్తిస్తుంటే సున్నా ఏమిటండీ?"

"ఎక్కడ?" అన్నారాయన.

ఆమె నవ్వు ఆగిపోయింది.

సన్నని చప్పుళ్లు వినబడటం మానేసి రెండేళ్లయి ఉంటుందని, ఎదుటివాళ్ల పెదాలు చూస్తూ నెట్టుకొస్తున్నారని డాక్టరు చెప్పాడు. ఆయనకు చెవుల మీద బెంగ కలగలేదు. ఆ లోయే కళ్లలో మెదిలింది. తప్పు తనదేనని పై అధికారికి ఉత్తరం రాశారు. రాయి కొట్టేవాళ్లు అప్పటికే ఆ లోయలో దిగారని, పిట్టలు ఇంకా మిగిలి ఉంటే మాత్రం పని ఆపించడానికి ప్రయత్నిస్తానని అధికారి మెత్తగా జవాబిచ్చాడు.

మర్నాడే ఇద్దరూ వెళ్లారు. ఆకుల మీద రాతిపొడి వేలి మందాన పేరుకుంది. వాగులో నీళ్లు పాలలా తెల్లబడ్డాయి. ఆయన కాగితం తీసి భార్య వైపు తిరిగారు.

"విని చెప్పు. నీ చెవులే నాకు."

ఆమె చాలాసేపు విన్నది.

"ఉన్నాయండీ. బోలెడు."

అంటున్నప్పుడు ఆమె చూపు చెట్ల మీద లేదు, ఆయన ముఖం మీదే ఉంది. ఆయన ఆమె భుజం తట్టి, కలం తీసి, గడిలో సున్నా చుట్టారు.

రెండేళ్లలో ఆయన వేసిన సున్నాల్లో నిజమైనది అదొక్కటే.