నలుగురు కూర్చుని ఆడే ఆట

పోయిన వారం కావలి నుంచి మా బావ, అంటే మా అక్క భర్త, ఫోన్ చేసి తన డీటీపీ షాపు ఖాళీ చేస్తున్నానని, అక్కడ మిగిలిపోయిన నా ఆట పుస్తకాల కట్టలు ఆటోలో పంపుతున్నానని చెప్పాడు. అవి ఇప్పుడు మా వరండాలో, మోటారు పైపుల పక్కన ఉన్నాయి. పైన కప్పిన పాత ఫ్లెక్సీ తీసి చూస్తే, అట్ట మీద బావ వేసిన ఫైబరు పడవ ఇంకా నీలంగానే ఉంది.

మన ఈడు వాళ్లకు ఆట పుస్తకమంటే ఏమిటో అర్థం కాకపోవచ్చు. ఇందులో బోర్డు ఉండదు, గెలుపూ ఓటమీ ఉండవు. నలుగురు చుట్టూ కూర్చుని తలా ఒక మనిషిగా మారి కథ చెప్పుకుంటూ పోతారు, ఏం జరుగుతుందో తేలని చోట రెండు పాచికలు వేసి అవి చెప్పినట్టు వింటారు. ఐసు ఫ్యాక్టరీలో లెక్కలు రాసుకునే నాకు ఇంటర్నెట్లో ఇలాంటి ఇంగ్లీషు ఆటొకటి కంటబడింది. అందులోని కోటలూ రాక్షసులూ నచ్చలేదుగానీ పాచికల లెక్క నచ్చింది. పదో తరగతితో చదువు ఆగినవాణ్ణి, ఏ మొత్తం ఎంత తరచుగా పడుతుందో లూడో పాచికలు వేసి వేసి నేనే తెలుసుకున్నాను. మన తీరం మీద, చేపల వేటకు పోయే పడవల మీద ఒక ఆట రాయాలని, అది మనవాళ్ల ఇళ్లల్లో ఆడుకోవాలని అప్పుడే మనసు పడ్డాను. అంతకుమించిన కోరిక నాకు మరొకటి ఉండిందని చెప్పలేను.

ఆదివారం సాయంత్రాలు షాపు షట్టరు సగం దించి ఆడి చూసేవాళ్లం: నేను, బావ, అక్క, ఇంకా కూతురి పెళ్లి కార్డులకని వచ్చి మా ఆట చూస్తూ కూర్చుండిపోయిన బోగోలు వైపు పడవన్న, అంటే సొంత పడవ మీద వేటకు పోయే ఆయన. రెండు ఒకట్లు పడితే పడవ తిరిగి రాదు, ఆ మనిషి ఆటలోంచి లేవాలి అన్నది నేను రాసిన నియమం. ముప్పై ఆరింటిలో ఒక్క అవకాశం. అంతకన్నా న్యాయమైన లెక్క లేదనుకున్నాను. ఒక ఆదివారం ఆ అన్నకే రెండు ఒకట్లు పడ్డాయి. ఆయన లేవలేదు.

“పోయినోణ్ణి రాడని మా వైపు ఎవురూ అనరబ్బయ్యా. ఇంకా రాలేదంటారు, అంతే.”

“అట్టయితే ఆట ఎప్పుడయిపోవాలన్నా?” అన్నాను.

“ఐసు లెక్కలు రాసి రాసి వీడి బుర్ర గడ్డకట్టింది,” అంది అక్క. “నువ్వు కూసో అన్నా, నీకు అన్నం తీసి పెట్టుండాన్లే.”

ఆ అన్నం ఆటలోది. అయినా ఆ మాటతో నా నియమం మారిపోయింది. పడవ రాని మనిషి లేవనక్కర్లేదు. ఒడ్డున ఉన్నవాళ్లు తమ వంతు వచ్చినప్పుడల్లా అతని కోసం ఏం చేస్తున్నారో ఒక మాట చెప్పాలి. అక్క పులుసు వెచ్చబెట్టింది, బావ చిరిగిన వల బాగుచేశాడు, నేను ఒడ్డుకు చేరిన ప్రతి పడవనూ అడిగాను. అన్న తల వంచుకుని వింటూ కూర్చున్నాడు. నేను రాసినవాటిలో సరిగ్గా కుదిరింది అదొక్కటేనని ఇప్పటికీ అనుకుంటాను.

షాపులోనే అచ్చువేసి, పిన్నులు కొట్టి, నెల్లూరు పుస్తకాల ప్రదర్శనలో ఒకరి బల్ల మీద మూల అడిగి పెట్టుకున్నాం. పిల్లల బొమ్మల పుస్తకమనుకుని తిరగేసి పెట్టేసేవాళ్లు. ఇంటర్నెట్లో కొన్న హైదరాబాదు కుర్రాడొకడు ఫోన్ చేసి, “సార్, ఇంకా రాలేదంటే ఔటా, కాదా?” అని అడిగాడు. ఎదురుచూడమన్నాను. “ఎంతసేపు సార్?” అన్నాడు. అడగదగిన ప్రశ్నే. ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

అన్న పడవ అమ్మేసి కోట ఊరి దగ్గర రొయ్యల గుంటలకు కాపలా ఉంటున్నాడు. సాయంత్రమైతే గుంటల నీళ్లకు గాలి పట్టించే ఏరియేటర్లు వదిలి రాలేడు. అక్క చెన్నైలో కూతురి పసిబిడ్డను చూసుకుంటోంది. బావ నెల్లూరులో వేరేవాళ్ల షాపులో కూర్చోబోతున్నాడు, అక్కడ ఆదివారాలే పని ఎక్కువట. కట్టలు వచ్చిన రోజు అందరికీ ఫోన్ చేశాను. అందరూ సంతోషించారు, ఆడదామనే అన్నారు, కాకపోతే ఒకరు చెప్పిన నెల ఇంకొకరికి కుదరలేదు. ఫోనులో ఒక్కరే ఆడుకునేలా మార్చమని బావ సలహా. పాచికలైతే ఫోనే వేస్తుంది, ఒడ్డున ఎవరుంటారు?

ఏ మొత్తం పడే అవకాశం ఎంతో పట్టిక కట్టి మరీ ఇచ్చాను ఆ పుస్తకంలో. మొదటి పుటలో మాత్రం ఏ లెక్కా వేయకుండా, నలుగురు చుట్టూ కూర్చోండి అని ఒక వాక్యం రాశాను. ఆ రోజుల్లో అదొక నియమమని కూడా తోచలేదు. సాయంత్రమైతే మనుషులు కూర్చునేవాళ్లు. ఇప్పుడు ఆ పుస్తకంలో ఎవరూ పాటించలేనిది ఆ ఒక్క వాక్యమే.