ఈఈజీ గదిలో పట్టిన నిద్ర

2023 వానాకాలం. అప్పటికే నాంపల్లిలోని ఒక న్యూరాలజీ క్లినిక్‌లో చాలా ఏళ్లుగా ఈఈజీ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. తల మీద చిన్న చిన్న ఎలక్ట్రోడ్లు అతికించి, మెదడులో పుట్టే విద్యుత్ తరంగాలను కంప్యూటర్‌లో రికార్డు చేయడం నా పని.

ఒకరోజు పొద్దున్నే బాలమణి అనే ఆవిడ కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. గౌలిగూడలో బట్టలు కుడుతుందట. కూతురు శ్రావణి యూనివర్సిటీలో ఎంఏ మొదటి సంవత్సరం. ముందు వారం అబిడ్స్‌లో బస్సెక్కబోతూ కళ్లు తిరిగి పడిపోయింది. చుట్టూ చేరినవాళ్లెవరో ఫిట్స్ అన్నారు. తల్లి ఆ మాట పట్టుకునే కుమిలిపోతోంది.

"ఫిట్సే అయితే చదువు బంద్ చేయాల్నా మేడం?" అని గుమ్మంలోనే అడిగింది.

"ముందు పరీక్ష కానివ్వండమ్మా" అని ఆవిడను బయట కూర్చోబెట్టాను.

డాక్టర్ గారు రాసింది స్లీప్ డిప్రైవ్డ్ ఈఈజీ. ముందురాత్రి నిద్ర మానుకుని రావాలి. ఇక్కడికొచ్చి నిద్రపోతే, ఫిట్స్ జాడలేమైనా ఉంటే బయటపడే అవకాశం ఎక్కువ.

"మేలుకోవడం కష్టమైందా?" అన్నాను, లోపల శ్రావణి జుట్టు పాయలు తీస్తూ.

"రోజూ మేల్కొనే ఉంటున్న గద మేడం." కంప్యూటర్ వైపు చూసి అడిగింది. "మనసుల ఏమనుకుంటున్నమో గిండ్ల కనిపిస్తదా?"

"కనిపించదమ్మా."

అప్పుడు చెప్పింది. సెమినార్‌లో మాట్లాడుతూ తడబడితే, క్లాసులో ఒకబ్బాయి వీడియో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాడు. కింద అన్నీ వెటకారపు కామెంట్లే.

"పండుకుంటె, కొత్తది ఎవరన్న పెట్టిన్రేమో అనిపిస్తది. చూస్తే నిద్ర రాదు. చూడకుంటె అస్సలే రాదు."

"ఇదంతా డాక్టర్ గారికి చెప్పు తల్లీ" అన్నాను.

లైటు తగ్గించగానే నిద్రలోకి జారిపోయింది. రికార్డింగ్ అయిపోయినా లేపబుద్ధి కాలేదు. తర్వాతి పేషెంట్ వచ్చేదాకా అలాగే పడుకోనిచ్చాను.

రిపోర్టులో ఫిట్స్ గుర్తులేమీ లేవు. తల్లి ఎదుటే శ్రావణి డాక్టర్ గారికి అంతా చెప్పేసింది. నిద్ర లేకే కళ్లు తిరిగి ఉంటాయని, రాత్రి ఫోన్ దూరంగా పెట్టమని డాక్టర్ గారు అన్నారు. బాలమణి తిడుతుందేమో అనుకున్నాను. కూతురి జుట్టుకు మిగిలిన ఎలక్ట్రోడ్ల పేస్టు కొంగుతో తుడుస్తూ, "గిదంత ఒక్కదానివే మోసినవా బిడ్డా? నాకు చెప్పొద్దా?" అంది.

చలికాలంలో ఇద్దరూ మళ్లీ చూపించుకోవడానికి వచ్చారు. స్నేహితురాళ్లు గట్టిగా అడిగి ఆ వీడియో తీయించారట. రాత్రి ఫోన్ తల్లి దగ్గరే.

"మొదట్ల చెయ్యి ఊకె ఫోన్ కోసం పోయేది మేడం. ఇప్పుడు మంచిగ నిద్ర పడుతున్నది. వచ్చే వారం మళ్ల సెమినార్ ఉంది, పేరిచ్చిన" అంది శ్రావణి. గొంతులో కాస్త బెరుకుంది, అయినా నవ్వుతోంది.

రాత్రిళ్లు ఫోన్ పట్టుకునే పిల్లలంతా సరదాకే పట్టుకుంటారనుకునేదాన్ని. ఇప్పుడు పరీక్షకొచ్చిన పిల్లల్ని ఎంతసేపు చూస్తావని అడిగి ఊరుకోను. అందులో ఏం ఉంటుందని తెరుస్తావమ్మా అని కూడా అడుగుతాను. కాస్త ఆగితే, చాలామంది చెబుతారు.